యాంటీబయాటిక్ స్ట్రిప్పు చూసి అది రైబోజోమ్‌ని ఎక్కడ పట్టుకుంటుందో చెప్పడం ఎలా

ముందు బ్రాండ్ పేరు వదిలేయండి. దాని కింద చిన్నక్షరాల్లో ఉండేదే అసలు మందు పేరు, పర్లాకిమిడిలో ఒక బ్రాండ్ ఇస్తే పాతపట్నం దాటాక అదే మందు ఇంకో పేరుతో ఇస్తారు, లోపల సరుకు ఒకటే.

ఇప్పుడు ఒక్క లెక్క గుర్తుంచుకోండి. రైబోజోమ్ అంటే కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రం. బాక్టీరియా రైబోజోమ్ 70ఎస్, అందులో చిన్న ముక్క 30ఎస్, పెద్దది 50ఎస్. కూడితే 80 కదా అని మన గుణుపురం పిల్లలు కూడా అడుగుతారు, ఎస్ అంటే బరువు కాదండీ, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఎంత వేగంగా అడుక్కి దిగుతుందో ఆ కొలత, కూడికలు పనిచెయ్యవు. మన కణాల్లోది 80ఎస్, ఆకారం వేరు, అందుకే మందు దాన్ని పెద్దగా పట్టదు.

పేరు చివర "సైక్లిన్" ఉంటే 30ఎస్. డాక్సీసైక్లిన్ ఇదే, కొండల వైపు చిన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం స్క్రబ్ టైఫస్‌కి రాసేది. అమైనో ఆమ్లం మోసుకొచ్చే టీఆర్‌ఎన్‌ఏ కూర్చునే ఏ-సైట్‌కి అడ్డం పడుతుంది, ప్రోటీన్ గొలుసు అక్కడే ఆగిపోతుంది. దీన్ని ఐరన్ మాత్రతోనో గ్యాస్ మాత్రతోనో కలిపి మింగకండి, ఒంటికి సరిగ్గా పట్టదు, గ్లాసుడు నీళ్లు తాగి కాసేపు పడుకోకుండా ఉండండి.

"మైసిన్" దగ్గరే అందరూ బోల్తా పడతారు. ఆ తోకని నమ్మొద్దు. జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ 30ఎస్ మీద కూర్చుని, ప్రోటీన్ తయారీ సూచన మోసే ఎంఆర్‌ఎన్‌ఏని తప్పుగా చదివిస్తాయి, తప్పుడు ప్రోటీన్లు వెళ్లి బాక్టీరియా కణం పొరలో ఇరుక్కుని అది చచ్చిపోతుంది. అజిత్రోమైసిన్ అయితే 50ఎస్, జంతికల గొట్టం బెజ్జంలో ఉండ అడ్డం పడ్డట్టు ప్రోటీన్ బయటికొచ్చే దారి మూస్తుంది. క్లిండామైసిన్ కూడా 50ఎస్సే. వాంకోమైసిన్‌కి మాత్రం రైబోజోమ్‌తో పనే లేదు, అది బాక్టీరియా బయటి గోడ (సెల్ వాల్) కట్టనివ్వని మందు. ఇంకా తమాషా ఏంటంటే 1948లో వచ్చిన ఆరియోమైసిన్ నిజానికి సైక్లిన్ కుటుంబం, డగ్గర్ అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు, అప్పుడు ఆయన పనిచేసిన అమెరికా మందుల కంపెనీ లెడర్లే ల్యాబ్‌లో పరిశోధన నడిపించింది మన భీమవరం ఎల్లాప్రగడ సుబ్బారావు గారే.

అమాక్సిసిలిన్, సెఫిక్సిమ్, సిప్రోఫ్లాక్సాసిన్ ఉంటే ఈ లెక్కలోకి రావు, అవి రైబోజోమ్ మీద పనిచేసేవి కావు. మామూలు జలుబు వైరస్‌కి అసలు సొంత రైబోజోమే ఉండదు, మన కణాలదే వాడుకుంటుంది, కాబట్టి ఏ స్ట్రిప్పూ పనికిరాదు.

చివరగా లైనెజోలిడ్. ఇది 50ఎస్‌ని పట్టుకుని పని మొదలవ్వకుండానే ఆపేస్తుంది, కానీ మన కణాలకి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో కూడా బాక్టీరియా పోలికలున్న రైబోజోములే ఉన్నాయి, రెండు వారాలు దాటితే ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు. డాక్టరు వారం వారం సీబీసీ (రక్తకణాల లెక్క పరీక్ష) రాస్తే ల్యాబ్ కమీషన్ కోసం అనుకుని మానేయకండి.