మే నెలలో శేషాచలం అడవి నడక: సగం నీళ్లయిపోతే వెనక్కే

నేను మోసుకెళ్లే నీళ్ల సీసాల్లో ఒకదానికి నడుమన ఎర్ర ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంటుంది. మనిషికి లీటరు సీసాలు మూడు. మొదటిది అయిపోయి, రెండోదాంట్లో నీళ్లు ఆ టేపు దాకా దిగాయంటే ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి. ఇంకో పది నిమిషాల్లో జలపాతం వచ్చేస్తుందన్నా, పిల్లలు బతిమాలినా, ఇంత దూరం వచ్చి చూడకుండా పోవడమేంటని పెద్దవాళ్లు గొణిగినా తిరగాల్సిందే. ఎండాకాలంలో శేషాచలం అడవిలో నడవాలనుకునేవాళ్లకు నేను ముఖ్యంగా చెప్పేది ఇదొక్కటే. మిగతాదంతా ఆ టేపు దాకా తొందరగా రాకుండా చూసుకోవడం గురించే.

నేను తిరుపతిలో హైస్కూల్ లెక్కల టీచర్ని. వేసవి సెలవులకు మా అక్క పిల్లలు హైదరాబాద్ నుంచి మా ఇంటికొస్తారు. కొన్నేళ్లుగా ప్రతి మే నెలలోనూ వాళ్లను ఈ అడవిలోని తలకోన జలపాతానికి తీసుకెళ్తున్నాను. "ఈ కత్తిరి ఎండల్లో అడవికేంది టీచరమ్మా, వానలు పడినాక పోగూడదా" అని మా వీధిలో అడుగుతూనే ఉంటారు. వానలు పడ్డాక జలపాతం నిండుగా ఉంటుంది, నిజమే. కానీ పిల్లలకు తీరిక ఇప్పుడే. పైగా రేలచెట్లు పసుపు గుత్తులేసుకుని నిలబడేది, ఆకు రాలిన చెట్ల సందుల్లోంచి కొండచరియ మొత్తం కనపడేది కూడా ఇప్పుడే.

తలకోన ఉండేది శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో. అది 1989లో ఏర్పడింది. విస్తీర్ణం సుమారు 353 చదరపు కిలోమీటర్లు. 2010లో దీన్నీ చుట్టుపక్కల కొండల్నీ కలిపి శేషాచలం బయోస్పియర్ రిజర్వ్‌గా ప్రకటించారు. తిరుమల కొండకు నడిచివెళ్లే మెట్లదారుల చుట్టూ ఉన్నదీ ఈ అడవే. అందుకే మనవాళ్లు దీన్ని అడవిగా కాదు, దేవుడి దారిగానే చూస్తారు. ఆ భక్తి మంచిదే. అడవిని అడవిలా చూడటమూ నేర్చుకోవాలి. 2023లో అలిపిరి మెట్లదారిలోనే చిరుతపులి ఒక చిన్నారి ప్రాణం తీసింది. ఆ తర్వాత పిల్లలతో వెళ్లే వేళల మీద ఆంక్షలు పెట్టారు. అవి మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు కనుక్కోండి.

తలకోనకు వెళ్లే ముందు రెండు వారాలు ఒళ్లు అలవాటు పడాలి. ఏడాదంతా ఫ్యాను కింద కూర్చుని ఒక్కసారిగా మే ఎండలో కొండెక్కితే ఒళ్లు తట్టుకోలేదు. మేమైతే శ్రీనివాసమంగాపురం దగ్గరి శ్రీవారి మెట్టుతో మొదలుపెడతాం. మెట్లు 2,388, దూరం రెండు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదరక ముందే పైకి చేరాలి. వారం రోజుల తేడాతో రెండుసార్లు ఎక్కితే చాలు, ఎవరికి ఎక్కడ ఆయాసం వస్తుందో, ఎవరు ఎన్ని నీళ్లు తాగుతారో మీకే తెలుస్తుంది. అలిపిరి దారి 3,550 మెట్లు. పైకప్పు ఉన్నా గాలిగోపురం దాకా మెట్లు నిటారుగా ఉంటాయి. మొదటిసారికి అది వద్దు.

తలకోన తిరుపతి నుంచి 60 కిలోమీటర్ల లోపే. చంద్రగిరి, రంగంపేట దాటి, భాకరాపేట ఘాట్ ఎక్కి, ఎర్రావారిపాళెం మీదుగా నేరబైలు చేరాలి. తెల్లవారుజామున తిరుపతిలో బయల్దేరితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. టిఫిన్ దగ్గర అరగంట, పెట్రోల్ దగ్గర పావుగంట పోయి నడక మొదలయ్యేసరికి తొమ్మిదిన్నర అవుతుంది. మేము ముందురోజు సాయంత్రమే వెళ్లి అక్కడే గదిలో పడుకుంటాం. గది ముందుగానే బుక్ చేసుకోవాలి. చెక్‌పోస్టులో టికెట్లు ఎన్నింటి నుంచి ఇస్తారో ఆ సాయంత్రమే కనుక్కుంటాం. తెల్లారగానే సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర దండం పెట్టుకుని నడక మొదలు. పదిన్నరకల్లా మళ్లీ గుడి దగ్గరికి వచ్చేయాలి. ఆ తర్వాత సాయంత్రం నాలుగు దాకా ఎవరూ నీడ దాటకూడదు.

ఈ లెక్కలన్నీ ఎందుకంటే, ఒక ఏడాది నేనే ఆలస్యం చేశాను. ఆ రోజు నడక మొదలుపెట్టేసరికి పదీ ముప్పావు. మా అక్క కొడుక్కి అప్పుడు పద్నాలుగేళ్లు. గంటసేపు అందరికంటే ముందు గెంతుకుంటూ నడిచాడు. తర్వాత మాటలు తగ్గాయి. అలిగాడేమో అనుకున్నాను. ఒక మలుపు దగ్గర ఆగి చేయి పట్టుకుంటే చల్లగా, జిగటగా ఉంది. పెదాలు తెల్లబడ్డాయి. మెడ మీద చేయి పెడితే కాలిపోతోంది. "ఏడెనిమిదులెంత నాయనా" అని అడిగాను. బళ్లో నా పిల్లల్ని నేను అలాగే పరీక్షిస్తాను. వాడు నా మొహంలోకి చూసి చాలాసేపటికి "నలభై" అన్నాడు. ఆ పిల్లాడికి ఇరవయ్యో ఎక్కం దాకా కంఠతా వచ్చు. నా గుండె జారిపోయింది.

అదృష్టం, వెనకాలే అటవీశాఖ వాచర్ ఒకాయన వస్తున్నాడు. "అమ్మా, తల మీద పోసేది కాదు, మెడకు, చంకల్లో, గజ్జల్లో తడిగుడ్డ పెట్టు" అంటూ తన తుండు తడిపి ఇచ్చాడు. బూట్లు, సాక్సు విప్పించాం. చొక్కా తీసేసి బండ మీద కాకుండా చెట్టు కింద మట్టి మీద పడుకోబెట్టాం. ఎండకు కాగిన బండ పొయ్యి మీది పెనంలా ఉంటుందని ఆయనే చెప్పాడు. కాళ్ల కింద బ్యాగు పెట్టి ఎత్తుగా ఉంచాం. నేను నా చున్నీతో విసురుతూ కూర్చున్నాను. వాడు నా పేరు సరిగ్గా చెప్పాకే ఓఆర్‌ఎస్ కలిపిన నీళ్లు గుక్కెడు గుక్కెడుగా తాగించాడాయన. ముప్పావుగంట తర్వాత వాడు కళ్లు పూర్తిగా తెరిచి "యాభై ఆరు పిన్నీ" అన్నాడు. ఆ మాట నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. చెరో పక్కనా పట్టుకుని కిందికి దించి, నేరుగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం.

కాబట్టి ఇది బాగా గుర్తుపెట్టుకోండి. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, పిక్కలు పట్టేయడం, ఊరికే చిరాకు పడటం, ఉన్నట్టుండి మాట తగ్గడం, వీటిలో ఏది కనపడినా నీడకు తీసుకెళ్లి చల్లబరచండి, ఆ రోజుకి నడక ఆపేయండి. మాట తడబడినా, అడిగినదానికి పొంతన లేని జవాబిచ్చినా, స్పృహ తప్పినా అది వడదెబ్బే అనుకోండి. ఒంటి వేడి 104 డిగ్రీలు దాటి ఉండొచ్చు. ఒకపక్క ఒళ్లు చల్లబరుస్తూనే 108కి ఫోన్ చేయించండి. స్పృహలో లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అడవి లోపల ఫోన్లకు సిగ్నల్ అందదు. ఎన్నింటికి తిరిగొస్తారో చెక్‌పోస్టులో చెప్పి వెళ్లండి.

బ్యాగులో నీళ్ల తర్వాత ముఖ్యమైనవి ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లలో మొత్తం కలపాలి. కొంచెం కొంచెం చల్లుకుంటే ఉప్పు, చక్కెరల పాళ్లు తప్పుతాయి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. చెంచాల మీద కుప్పగా కాకుండా సమంగా ఉండాలి. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి నాలుగు గుక్కలు తాగించండి. కూల్‌డ్రింకులు వద్దు.

తిండి విషయంలో నేను మా అమ్మ మాటే వింటాను. పొద్దున బయల్దేరే ముందు చిక్కటి మజ్జిగ కలిపిన రాగి అంబలి, నంజుకోవడానికి ఉల్లిపాయ. కడుపు నిండుతుంది, బరువనిపించదు. దారిలోకి వేయించిన చెనిక్కాయలు, బెల్లం, ఒక్కొక్కరికి రెండు అరటిపళ్లు. చింతపండు పులిహోర బాగానే ఉంటుంది కానీ దాహం పెంచుతుంది, దాన్ని తిరిగొచ్చాకే తింటాం. తినేవన్నీ జిప్పున్న బ్యాగులో అడుగున పెట్టండి. ప్లాస్టిక్ కవరు గలగలమంటే చాలు, కోతులు మీదికొస్తాయి. పోయినేడు మా పెద్దమ్మాయి చేతిలోని అరటిపండుతో పాటు కళ్లజోడు కూడా పట్టుకుపోయింది ఓ కోతి.

లేత రంగు, పొడుగు చేతుల కాటన్ చొక్కా వేసుకోండి. జీన్స్ వద్దు, చెమటకు తడిసి కాళ్లకు అతుక్కుపోతుంది. తలకు టోపీ కంటే తడిపిన తుండు మేలు. బూట్లు కొత్తవైతే కనీసం నెల ముందు నుంచి వేసుకుని తిరగాలి.

నడిచేటప్పుడు గుర్తున్న దారి వదలకూడదు. ఇక్కడ అది ప్రాణానికీ చట్టానికీ సంబంధించిన విషయం. ఈ కొండల్లో ఎర్రచందనం ఉంది. ప్రపంచంలో అది సహజంగా పెరిగేది తూర్పు కనుమల్లోని మన ఈ దక్షిణ భాగంలోనే. దొంగ నరికివేత వల్ల అడవిలో నిఘా గట్టిగా ఉంటుంది. అనుమతి లేకుండా లోపలికి పోతే మిమ్మల్ని ఆపి అడిగే హక్కు వాళ్లకుంది. దారి పక్కనే చెట్టు కనపడితే ఒక్క నిమిషం ఆగి చూడండి. బెరడు నల్లగా, మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. కాడకు మూడేసి ఆకులు. బెరడు మీద వేలు పెట్టి ఆ పగుళ్ల వెంట జరిపి చూడమని పిల్లలకు చెబుతాను. ఇంత మొరటు బెరడు లోపల అంత ఎర్రని చేవ ఉందంటే నమ్మబుద్ధి కాదు.

జలపాతం దగ్గరికొచ్చాక పిల్లల్ని చెమ్మ ఉన్న రాతి చీలికల్లోకి చూడమనండి. బంగారు బల్లి ఈ కొండల్లో ఉంటుంది. మాకు ఒకేసారి కనపడింది. టార్చి వెలుగు పక్కకు తిప్పి, ఊపిరి బిగపట్టి చూశాం. పసుపుకొమ్ము రంగు, వేళ్ల చివర్లు చిన్న చిన్న ఆకుల్లా వెడల్పుగా ఉన్నాయి. ఆ పక్కనే గుండ్రటి గుడ్ల పెంకులు రాతికి అతుక్కుని ఉన్నాయి. పుల్లతో కెలకొద్దు, ఫ్లాష్ కొట్టొద్దు.

తలకోన జలపాతం ఎత్తు 270 అడుగులు. మే నెలలో ధార సన్నబడి, గాలికి అటూ ఇటూ ఊగుతుంది. నీళ్లు తగ్గాయి కదా అని కింది గుండంలోకి దిగకండి. పాచిపట్టిన బండలు, ఒక్కసారిగా వచ్చే లోతు. ఈత వచ్చినవాళ్లు కూడా అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒడ్డున కూర్చుని తుండు తడుపుకోండి, మొహం కడుక్కోండి, చాలు.

జంతువుల విషయానికొస్తే, ఎండాకాలంలో నీటి చెలమల దగ్గరికి దుప్పులు, కణుతులు (సాంబారు జింకలు) వస్తాయి, వాటి వెనకే చిరుతలూ రావచ్చు. ఎలుగుబంట్లు పండ్లకోసం, చెదపుట్టలకోసం తిరుగుతాయి. గుంపుగా, మామూలుగా మాట్లాడుకుంటూ నడవండి. పిల్లలు మధ్యలో ఉండాలి. ఏదైనా ఎదురైతే పరుగెత్తొద్దు, దాని మీంచి చూపు తిప్పకుండా మెల్లగా వెనక్కి జరగండి. చీకట్లో అడవిదారి అసలు పట్టకండి. 2025లో శివరాత్రికి ముందు అన్నమయ్య జిల్లా గుండాలకోన దగ్గర అడవిదారిన నడిచి వెళ్తున్న భక్తుల మీద ఏనుగులు పడి ప్రాణాలు తీశాయి.

అగ్గిపెట్టె మాత్రం గదిలోనే వదిలేయండి. బోదగడ్డి ఎండి ఉన్న ఈ రోజుల్లో ఒక్క నిప్పురవ్వ చాలు. 2014 మార్చిలో తిరుమల అడవి అంటుకున్నప్పుడు ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావాల్సివచ్చింది.

తిరిగి గదికి వచ్చాక చెవుల వెనక, మోకాళ్ల వెనక, నడుం దగ్గర పిడుదులు పట్టాయేమో చూసుకోండి. పిల్లల మూత్రం చిక్కటి పసుపురంగులో ఉందేమో అడగండి, ఉంటే ఇంకా నీళ్లు కావాలని అర్థం. సాయంత్రం తిరుపతికొచ్చేటప్పుడు నన్నారి షర్బత్ దొరికితే తలా ఒక గ్లాసు తాగుతాం. నేను మాత్రం ఇంటికొచ్చాక పడుకునే ముందు లెక్క రాసుకుంటాను. పోయిన మే నెల పేజీలో ఇలా ఉంది: నలుగురం. గుడి దగ్గర బయల్దేరింది 6.10. తిరిగొచ్చింది 10.05. మిగిలిన నీళ్లు: నాకు లీటరున్నర, పెద్దమ్మాయికి లీటరూ ముప్పావు, చిన్నదానికి రెండు లీటర్లు, తక్కువ తాగింది, వచ్చేసారి దాన్ని నా పక్కనే నడిపించాలి. మా వాడికి లీటరున్నరకు రెండు గుక్కలు ఎక్కువ. టేపు రాకముందే వాడే "పిన్నీ, తిరుగుదాం" అన్నాడు.