రిజెక్ట్ అయిన యాప్‌ని మళ్లీ పంపే ముందు

ఆపిల్ యాప్ స్టోర్ గానీ గూగుల్ ప్లే గానీ మీ యాప్‌ని రిజెక్ట్ చేస్తే, ఆ మెసేజ్ చూసిన వెంటనే మళ్లీ సబ్మిట్ నొక్కకండి. నా మొదటి యాప్‌కి నేను అదే చేశాను. మందులు వేసుకునే వేళకి గుర్తుచేసే చిన్న యాప్ అది. లాగిన్ కాలేకపోయామని స్టోర్ నుంచి మెసేజ్ వచ్చింది. నా ఫోన్‌లో చూస్తే చక్కగా అవుతోంది. వాళ్ల దగ్గరే ఏదో తేడా ఉందనుకుని, బిల్డ్ (స్టోర్‌కి పంపే యాప్ ఫైల్) నంబర్ ఒకటి పెంచి అలాగే పంపేశాను. రెండోసారీ అదే జవాబు.

అప్పుడు గానీ మెసేజ్‌తో వచ్చిన స్క్రీన్‌షాట్ తెరవలేదు. ఓటీపీ పేజీ, ఆరు ఖాళీ గళ్లు, కింద 'మళ్లీ పంపు' బటన్. అంతే, విషయం అర్థమైంది. రివ్యూ చేసే మనిషి ఎక్కడో వేరే దేశంలో కూర్చుని ఉంటే, ఆ ఓటీపీ ఎవరి ఫోన్‌కి వెళ్తుంది?

అందుకే మొదటి పని, స్క్రీన్‌షాట్లతో సహా మెసేజ్ మొత్తం చదవడం. ఆపిల్ అయితే ఏ డివైస్‌లో, ఏ ఓఎస్ వెర్షన్‌లో చూశారో కూడా చాలాసార్లు రాస్తుంది. ఐఫోన్ కోసమే చేసిన యాప్‌ని కూడా ఐప్యాడ్‌లో తెరిచి చూస్తారు, కాబట్టి మీరూ అందులో ఒకసారి నడపండి. మీ ఫోన్‌లో ఉన్న యాప్‌ని పూర్తిగా తీసేసి, రిలీజ్ బిల్డ్‌ని, అంటే జనానికి వెళ్లే వెర్షన్‌ని, కొత్తగా ఇన్‌స్టాల్ చేసి చూడండి. మీరు ఎప్పుడో ఇచ్చేసిన పర్మిషన్లు, సేవ్ అయిన లాగిన్ ఉన్నంతవరకు వాళ్లకి కనిపించిన తప్పు మీకు కనిపించదు.

లాగిన్ ఉన్న యాప్‌కి డెమో అకౌంట్ తప్పనిసరి. నేను సర్వర్‌లో ఒక్క టెస్ట్ నంబర్‌కి మాత్రం మారని ఓటీపీ పెట్టాను. ఆ అకౌంట్‌లో నాలుగు మందులు, పది రోజుల హిస్టరీ కూడా నింపాను. ఖాళీ అకౌంట్ ఇస్తే లోపలికి వెళ్లినా చూడటానికి ఏమీ ఉండదు. ఈ వివరాలు ఆపిల్‌లో యాప్ రివ్యూ ఇన్ఫర్మేషన్ దగ్గర, గూగుల్‌లో అయితే ప్లే కన్సోల్‌లో (డెవలపర్లు యాప్‌లు పెట్టే సైట్) యాప్ యాక్సెస్ దగ్గర ఇవ్వాలి. మీ సర్వర్ వేరే దేశాల నుంచి వచ్చే ట్రాఫిక్‌ని ఆపేస్తోందేమో కూడా చూసుకోండి.

తర్వాత పర్మిషన్లు. పర్మిషన్ అడిగేటప్పుడు కనిపించే వాక్యంలో 'కెమెరా అవసరం' అని మాత్రమే రాస్తే ఆపిల్ ఒప్పుకోదు. 'మందుల చీటీ ఫోటో తీసి మీ జాబితాలో చేర్చడానికి కెమెరా వాడతాం' అని పని పేరు చెప్పాలి. యాప్‌లో అకౌంట్ తెరిచే వీలుంటే, దాన్ని డిలీట్ చేసే దారి కూడా యాప్‌లోనే ఉండాలి. 2022 జూన్ 30 నుంచి ఆపిల్‌లో ఇది నియమం. గూగుల్ దీంతోపాటు ఒక వెబ్ లింక్ కూడా అడుగుతుంది. యాప్ ఏ డేటా తీసుకుంటుందో చెప్పే గూగుల్ డేటా సేఫ్టీ ఫారం నింపేటప్పుడు మీ కోడ్ ఒక్కటే గుర్తుపెట్టుకుంటే చాలదు. యాడ్స్ కోసం, వాడకం లెక్కల కోసం మీరు కలిపిన ఎస్‌డీకేలు (బయటివాళ్లు రాసిన రెడీమేడ్ కోడ్) తీసుకునే డేటా కూడా మీ లెక్కలోకే వస్తుంది.

గూగుల్ ప్లేలో చాలామంది ఒక దగ్గర ఇరుక్కుంటారు. కొత్త బిల్డ్‌లో అక్కర్లేని పర్మిషన్ తీసేస్తారు, మళ్లీ అదే కారణంతో రిజెక్ట్ అవుతుంది. ఎప్పుడో పెట్టిన పాత బిల్డ్ ఏ క్లోజ్డ్ టెస్టింగ్ ట్రాక్‌లోనో (కొద్దిమంది టెస్టర్లకి మాత్రమే యాప్ ఇచ్చే చోటు) ఇంకా ఉండిపోవడం దానికి తరచూ కారణం అవుతుంది. అన్ని ట్రాక్‌లలోనూ కొత్త బిల్డ్ పెట్టండి.

వివరణ, స్క్రీన్‌షాట్ల లాంటి వాటితోనే సమస్య అయితే ఆపిల్‌లో కొత్త బిల్డ్ అక్కర్లేదు, అవి మార్చి పంపితే చాలు. అదే ఆపిల్ నియమాల్లోని గైడ్‌లైన్ 4.3 కింద, అంటే ఇలాంటి యాప్‌లు ఇప్పటికే చాలా ఉన్నాయని ఆపితే మాత్రం రంగులు, ఐకాన్ మార్చి లాభం లేదు. మీ యాప్ మాత్రమే చేసే పని ఒకటి చూపించగలగాలి.

జవాబు కోపంతో రాయకండి. నేను రాసింది ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు. లాగిన్‌కి ఓటీపీ రాకపోవడం మా లోపమే, ఇదిగో టెస్ట్ నంబర్, ఇదిగో కోడ్, మొదటి పేజీలో కుడివైపు ప్లస్ గుర్తు నొక్కితే కొత్త మందు చేర్చవచ్చు. ఓటీపీ నుంచి రిమైండర్ మోగేవరకు స్క్రీన్ రికార్డింగ్ కూడా జత చేశాను. ఈసారి అప్రూవ్ అయింది.

మీ తప్పు లేదని, వాళ్లు పొరబడ్డారని గట్టిగా నమ్మితే అప్పీల్ చేయండి. ఏ ఫీచర్‌ని ఎలా అపార్థం చేసుకున్నారో చూపించండి. యాప్ ఇప్పటికే స్టోర్‌లో ఉండి, మీరు పంపింది బగ్ ఫిక్స్ అయితే, చట్టానికో భద్రతకో సంబంధించిన సమస్య కానంతవరకు మిగతా లోపం ఉన్నా ఆపిల్ ఆ అప్‌డేట్‌ని ముందు విడుదల కానివ్వగలదు. ఆ లోపం వచ్చే అప్‌డేట్‌లో సరిచేస్తామని చెప్పి జవాబులో అలా అడగాలి.

అప్రూవల్ వచ్చాక డెమో అకౌంట్ తీసేయకండి. తర్వాతి అప్‌డేట్‌ని రివ్యూ చేసేవాళ్లూ ఆ నంబర్‌తోనే లోపలికి రావాలి.