సున్నిపిండిని అమ్మకానికి తయారు చేయాలంటే

ఇంట్లో వాడుకునే సున్నిపిండికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అదే పిండిని ప్యాకెట్లలో నింపి అమ్మితే మాత్రం చట్టం దాన్ని కాస్మెటిక్‌గా చూస్తుంది. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ వర్తిస్తాయి. ఇన్‌స్టాగ్రామ్‌లోనో వాట్సాప్ గ్రూపుల్లోనో అమ్మినా మినహాయింపు లేదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు తిండి పదార్థాలకే పనికొస్తుంది. చిన్న వ్యాపారాలు చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ తయారీ లైసెన్సు కాదు.

ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా లైసెన్సు ఇచ్చేది ఔషధ నియంత్రణ శాఖే. సొంత యూనిట్ పెడితే సీఓఎస్-5 అనే ఫారంలో దరఖాస్తు చేయాలి, లైసెన్సు సీఓఎస్-8 ఫారంలో వస్తుంది. వంటగదిని చూపిస్తే ఒప్పుకోరు. తయారీకి విడిగా గది ఉండాలి. పొడుల విభాగానికి 15 చదరపు మీటర్లు, దుమ్ము లాగే ఫ్యాన్లు, మిక్సర్, జల్లెడలు ఉండాలని నిబంధనలు సూచిస్తాయి. పర్యవేక్షణకు డీఫార్మసీ చేసినవారుగానీ, కనీసం ఇంటర్‌లో కెమిస్ట్రీ చదివినవారుగానీ ఉండాలి. ఇంత పెట్టుబడి లేనివాళ్లు లైసెన్సున్న యూనిట్‌తో ఒప్పందం కుదుర్చుకుని, సీఓఎస్-6 ద్వారా లోన్ లైసెన్సు తీసుకోవచ్చు. కొత్తగా దిగేవాళ్లకు మేము ఈ దారే చెబుతాం.

ఇక సరుకు. కిలోకు పెసలు 600 గ్రాములు, శనగపప్పు 150, బియ్యం 100, ఎండు కమలా తొక్క 50, గులాబీ రేకులు 40, కచ్చూరాలు 30, కస్తూరి పసుపు 20, వట్టివేరు 10.

ఇందులో బావంచాలు (ఒక మూలిక గింజలు) లేవు, కావాలనే వదిలేశాం. పాత పద్ధతుల్లో అవి తప్పనిసరిగా కనిపిస్తాయి గానీ, వాటిలోని సోరాలెన్ అనే రసాయనం ఒంటిమీద మిగిలిన చోట ఎండ తగిలితే చర్మం కమిలి, బొబ్బలెక్కి, నల్లమచ్చలు పడతాయి. ఇంట్లో ఒకరికి పడకపోతే మానేస్తారు. అమ్మిన ప్యాకెట్ ఎవరి చేతికి వెళ్తుందో మనకు తెలియదు. నిమ్మ తొక్కలోనూ ఇదే జాతి పదార్థాలుంటాయి, అదీ వద్దు. పసుపును రంగు చూసి కొనకండి. మెరుపు కోసం లెడ్ క్రోమేట్ కలిపే కల్తీ ఉంది కాబట్టి, ప్రతి లాట్‌కూ సీసం పరీక్ష రిపోర్టు అడగండి.

సున్నిపిండిని పాడుచేసేది తేమ. పొడిగా ఉన్నంతకాలం ప్రిజర్వేటివ్ అవసరం రాదు. తేనె, పెరుగు, గులాబీ నీళ్లు కలిపి సీసాల్లో పెడితే లెక్క మొత్తం మారిపోతుంది. ఆ జోలికి పోకండి. వట్టివేరు, కచ్చూరాలు మట్టితో వస్తాయి. ముందు పారే నీళ్లలో రుద్ది కడగాలి. డాబామీద ఎండబెడితే దుమ్ము, పిట్టల రెట్టలు పడతాయి కాబట్టి ట్రే డ్రయ్యర్ వాడండి. పప్పులు, బియ్యం, వేళ్లు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర, రేకులు 45 దగ్గర ఆరబెట్టాలి. తేమ 8 శాతం లోపుకి దిగాలి. రేకు వేళ్ల మధ్య పొడి కాకుండా వంగితే ఇంకా ఆరలేదన్నమాట. పప్పుల్లో కంటికి కనబడని పురుగు గుడ్లు కూడా ఈ వేడికి చచ్చిపోతాయి. ఇలా ఆరబెట్టడం వదిలేస్తే రెండు నెలల్లో ప్యాకెట్‌లో పురుగులు కనిపిస్తాయి.

మరను ఆపి ఆపి తిప్పండి. పిండి వేడెక్కితే వాసన పోతుంది, వేడి మీద మూత పెడితే లోపల చెమట పట్టి ఉండ కడుతుంది. ఒంటికైతే 40 మెష్ (అంగుళానికి 40 కన్నాలు), ముఖానికైతే 60 మెష్ జల్లెడ పట్టండి. తర్వాత అయస్కాంతం మీదుగా పోనిస్తే మర నుంచి రాలిన ఇనుప రజను దొరుకుతుంది. కలిపేటప్పుడు అన్నీ ఒకేసారి గుమ్మరించకూడదు. తక్కువ మోతాదువైన పసుపు, వట్టివేరు, కచ్చూరాల పొడులను వాటికి సమానమైన పెసరపిండితో కలిపి, మళ్లీ అంతే పిండి చేరుస్తూ పెంచుకుంటూ పోవాలి. లేకపోతే ఒక ప్యాకెట్ పచ్చగా, ఇంకోటి తెల్లగా వస్తుంది.

ప్రతి బ్యాచ్‌నూ ల్యాబ్‌కు పంపండి. గ్రాముకు సూక్ష్మజీవులు 1000 లోపు ఉండాలని లక్ష్యం పెట్టుకోండి. వేళ్లు, రేకులు వాడే పొడులు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఫలితం వచ్చాకే, ముసురు పట్టని రోజు చూసి, అల్యూమినియం పొర ఉన్న పౌచ్‌లలో నింపండి.

లేబుల్ మీద పేరు, తయారీదారు చిరునామా, నికర బరువు, ఎమ్మార్పీ, తయారీ నెల, ఏ నెలలోపు వాడాలో, బ్యాచ్ నంబరు, లైసెన్సు నంబరు, వాడే విధానం, కస్టమర్ కేర్ వివరాలు ఉండాలి. పదార్థాలను బరువు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువకు వరుసగా రాయాలి. ‘మొటిమలు నయం’, ‘తామర పోతుంది’ లాంటి మాటలు రాస్తే అది మందు అమ్మినట్టే అవుతుంది, కాస్మెటిక్ లైసెన్సు దానికి సరిపోదు. ‘చర్మాన్ని శుభ్రపరుస్తుంది’ చాలు. నిల్వ పరీక్ష చేయకుండా 24 నెలల గడువు వేయకండి. ప్రతి బ్యాచ్ నుంచి రెండు ప్యాకెట్లు దాచి, గడువు దాటేదాకా ఉంచితే, ఫిర్యాదు వచ్చినప్పుడు లోపం పిండిదా, కొన్నవాళ్ల బాత్రూమ్ తేమదా అన్నది తేల్చుకోవచ్చు.