భుజంగాసనం వేస్తే నడుం పట్టేస్తోందా?

బోర్లా పడుకుని పడగెత్తిన పాములా ఛాతీ పైకి లేపే ఆసనం భుజంగాసనం. గంటల తరబడి ముందుకు వంగి కూర్చునేవాళ్లకు ఇది మంచి విరుగుడు. ఛాతీ విచ్చుకుంటుంది, వెన్ను పొడవునా ఉండే కండరాలు గట్టిపడతాయి. అయినా ఈ ఆసనం మొదలెట్టాకే నడుం నొప్పి వచ్చిందనేవాళ్లు తక్కువేం కాదు. తప్పు చాలావరకు చేతుల్లో ఉంటుంది.

సమస్య: లేవగానే నడుం దగ్గర కలుక్కుమంటోంది.

కారణం: అరచేతులతో నేలను నెట్టి, మోచేతులు పూర్తిగా చాపి లేవడం. వీపు పైభాగం పక్కటెముకలతో ముడిపడి ఉంటుంది కాబట్టి అంత తేలిగ్గా వంగదు. దాంతో వంపంతా నడుం పూసల మీద పడుతుంది.

పరిష్కారం: ఎత్తు తగ్గించండి. ఈ ఆసనాన్ని తన 32 ఆసనాల్లో చేర్చిన పాత యోగ గ్రంథం ఘేరండ సంహిత, కాలి వేళ్ల నుంచి నాభి దాకా నేలకు ఆనే ఉండాలంటుంది. అంటే నాభి లేచిందంటే హద్దు దాటినట్టే. అరచేతులు ఛాతీ పక్కన, మోచేతులు కాస్త వంచి ఒంటికి దగ్గరగా ఉంచండి. లేచాక ఒక్క క్షణం అరచేతులను నేల మీంచి అంగుళం ఎత్తి చూడండి. ఛాతీ ఎంత కిందికి జారితే అంతా చేతులు ఇచ్చిన అరువు. ఎక్కడ ఆగిందో అదే మీ అసలు ఎత్తు. మొదట్లో అది జానెడు కూడా ఉండదు, ఫొటోకి అస్సలు బాగోదు, కానీ వెన్ను కండరాలు పనిచేసేది అక్కడే.

సమస్య: మెడ నొప్పి, కళ్లు తిరగడం.

తల వెనక్కి వేలాడేసి, భుజాలు చెవుల దాకా లాగితే ఇలాగే అవుతుంది. ఊపిరి బిగపట్టడం ఇంకో కారణం. భుజాలు కిందికి దించి, ఎదురుగా నేల మీద ఓ మూర దూరంలో చూపు నిలిపి, శ్వాస ఆడనివ్వండి.

మణికట్టు నొప్పి పెడితే ముంజేతులు మొత్తం నేలకు ఆనించి, మోచేతులు భుజాల కిందికి తెచ్చుకోండి.

నొప్పి గానీ తిమ్మిరి గానీ కాలిలోకి దిగుతుంటే మాత్రం సర్దుబాట్లతో కుస్తీ పట్టొద్దు. ఆపేసి డాక్టరుకు చూపించుకోండి. గర్భిణులు, హెర్నియా ఉన్నవాళ్లు, ఈమధ్యే పొట్టకు ఆపరేషన్ అయినవాళ్లు దీన్ని వెయ్యకూడదు. మిగతావాళ్లయినా భోజనం చేశాక 3, 4 గంటలు ఆగాలి.

దిగేటప్పుడు ధబ్బున పడిపోవద్దు. ముందు పొట్ట, తర్వాత ఛాతీ, చివరికి గడ్డం నేలకు తాకేలా మెల్లగా దిగి, మకరాసనంలో, అంటే బోర్లా ఒళ్లు వదులు చేసి, కాసేపు పడుకోండి.