చెప్పే ముందు ఒకసారి వాళ్ళనే చెప్పమనండి

ఆర్కే బీచ్ నుంచి రుషికొండకి దారి ఎలాగని మన వైజాగ్‌లో ఇద్దరిని అడిగి చూడండి. ఒకరు "సబ్‌మెరైన్ మ్యూజియం, తర్వాత వుడా పార్కు, తెన్నేటి పార్కు, కైలాసగిరి..." అని వరసగా చెప్తారు. ఇంకొకరు "సముద్రం కుడిచేతి వైపు ఉంచుకుని తిన్నగా వెళ్ళిపోండి" అంటారు. రెండూ సరైనవే. మొదటివారికి మెట్లు కావాలి, రెండోవారికి ముందు మొత్తం బొమ్మ కావాలి.

పిల్లలకి లెక్క చెప్పేటప్పుడు, ఆఫీసులో కొత్తవాళ్ళకి పని నేర్పేటప్పుడు నేను ఈ తేడా గుర్తుపెట్టుకుంటాను. "నీకు అర్థమైనంత వరకు చెప్పు" అని ముందు వింటాను. వాళ్ళు ఎక్కడ మొదలుపెడతారో నేనూ అక్కడే మొదలుపెడతాను. టెన్షన్ సగం అక్కడే తగ్గిపోతుంది.

అలాగని "వీడు చూసి నేర్చుకునే రకం, ఇది విని నేర్చుకునే రకం" అని ముద్ర వేసేయకండి, దయచేసి. అలా విడగొట్టి పాఠం చెప్తే బాగా నేర్చుకుంటారనడానికి తగిన ఆధారాలు లేవని 2008లోనే మనస్తత్వ శాస్త్రవేత్త హెరాల్డ్ పాష్లర్ బృందం తమ సమీక్షలో తేల్చింది. అందుకే వాళ్ళకి అలవాటైన దారిలో మొదలుపెట్టినా, రెండో దారి కూడా చూపించండి. మెట్లు చెప్పాక కాగితం మీద బొమ్మ గీయండి. బొమ్మతో మొదలైతే చివర్లో మెట్లు వాళ్ళచేతే రాయించండి.