భీమిలి పిక్నిక్‌కి బస్సెక్కేముందు

కార్తీకమాసం వచ్చిందంటే భీమిలి దారి నిండా పిక్నిక్ బస్సులే. 2022 జూలైలో అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర సీతపాలెం తీరంలో స్నానానికి దిగిన ఇంజినీరింగ్ విద్యార్థులు ఆరుగురు చనిపోయారు. అందుకే ప్రాణాలు కాపాడే జాగ్రత్తలే చెప్పుకుందాం. టోపీలూ మంచినీళ్లూ అందరికీ తెలిసినవే, వదిలేద్దాం.

సముద్రం
దిగేముందు పది నిమిషాలు ఒడ్డున నిలబడి ఊరికే చూడండి. అలలు వరసగా తెల్లగా విరుగుతుంటాయి, ఒకచోట మాత్రం విరగవు. అక్కడ నీరు నున్నగా, కాస్త మట్టిరంగులో ఉంటుంది, నురుగు లోపలికి పోతుంటుంది. అల దెబ్బ ఉండదని పిల్లల్ని సరిగ్గా అక్కడికే తీసుకెళ్తారు. ఒడ్డుకొచ్చిన నీరు తిరిగి లోపలికి పోయే దారి అది. కింద ఇసుక కోసుకుపోయి లోతుగా ఉంటుంది, నడుంలోతులోనే కాళ్లు నిలవవు. అలలు విరగని చోట దిగొద్దు.

చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదొద్దు. ఆ నీరు కిందికి లాగదు, దూరం లాక్కెళ్తుంది. ఎదురీది అలిసిపోయినవాళ్లే మునుగుతారు. ఒడ్డు వెంబడే పక్కకు ఈది, అలలు విరిగే చోటు నుంచి బయటికి రండి. చేతకాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తండి. ఒడ్డున ఉన్నవాళ్లు దూకొద్దు. వంటకు తెచ్చిన నూనె డబ్బా ఖాళీ అయితే మూత బిగించి, తాడు కట్టి విసరండి.

గోస్తని మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు)
మోకాలిలోతే కదా అని దాటొద్దు. ఇసుక మేట ఇవాళ ఉన్నచోట రేపుండదు. ఆటు సమయంలో ఏటినీరంతా సముద్రంలోకే పరుగు.

ఎర్రమట్టి దిబ్బలు
వాన పడ్డాక గోడల అంచున నిలబడొద్దు, కింద నీడకు కూర్చోవద్దు. చూడ్డానికి గట్టిగా ఉన్నా అదంతా ఇసుకే, పెళ్లలుగా ఊడిపడుతుంది.

ఇక మిగతావి. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు పెద్దది, చాపలు బాగా పైన వేసుకోండి. మందు తాగినవాణ్ణి నీళ్ల దగ్గరికి రానివ్వొద్దు. చీరతో, లుంగీతో దిగొద్దు. నాచు పట్టిన రాళ్లెక్కొద్దు. జాలర్లు ‘ఇక్కడొద్దు’ అంటే వాదించొద్దు. సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ పెద్ద అలల హెచ్చరిక ఇచ్చిన రోజు సముద్రంలో కాలే పెట్టొద్దు. ఫోన్ పక్కన పెట్టి నీళ్లవైపే చూసే మనిషి ఒకరుండాలి. తలలు అరగంటకోసారి లెక్కపెట్టండి. అలలు విరగని చోట దిగొద్దని బస్సులోనే చెప్పండి, దిగాక ఎవరూ వినరు. ప్రమాదం జరిగితే 112, 108. మునిగినవాణ్ణి తలకిందులు చెయ్యొద్దు, పొట్ట నొక్కొద్దు. ఊపిరి లేకపోతే ముందు నోట్లో ఊపిరి ఊది, తర్వాత ఛాతీ మీద 30 నొక్కులకు 2 ఊపిర్ల చొప్పున అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు. నీళ్లు మింగి బయటపడ్డవాడు బాగానే ఉన్నానన్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి.