పాతబస్తీ తిరిగిన రోజు రాత్రి భోజనం కుదరాలంటే

ఆరుగురు కలిసి పొద్దున్నుంచి హైదరాబాద్ పాతబస్తీ తిరిగి, రాత్రి పేరు కూడా వినని చిన్న హోటల్లో లొట్టలేసుకుంటూ తినడం ఉత్త అదృష్టమేమీ కాదు. ఆకలినీ టైమునూ అందాకా కాపాడుకుంటేనే అది కుదురుతుంది.

శుక్రవారం వెళ్లకండి. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ ఆ రోజు సెలవు. ఆదివారం తెరిచే ఉంటాయి కానీ చార్మినార్ దగ్గర కాలు పెట్టే సందుండదు. కారు ఇంట్లో వదిలి ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కండి.

పదింటికి మ్యూజియం. అన్ని గదులూ చూడాలనుకుంటే సాయంత్రానికి కాళ్లు లాగేస్తాయి. మేలిముసుగు రెబెక్కా పాలరాతి శిల్పం, ముందు మెఫిస్టోఫిలిస్‌గా, వెనక అద్దంలో మార్గరెటాగా కనిపించే చెక్క శిల్పం చూసి, పదకొండు ముప్పావుకల్లా సంగీత గడియారం ముందు చోటు పట్టండి. గడ్డం బొమ్మ బయటికొచ్చి పన్నెండు గంటలు కొట్టేటప్పుడు జనం విరగబడతారు. ఆలస్యమైతే ముందువాళ్ల తలకాయలే కనబడతాయి.

చాలామంది పొరపడేది మధ్యాహ్నమే. అప్పుడు బిర్యానీ తింటే రాత్రి ఎంత మంచి హోటలైనా వృథా. ఇడ్లీయో దోసెయో తిని చౌమహల్లాకు నడవండి, నాలుగింటికల్లా బయటపడండి. తర్వాత చార్మినార్, లాడ్‌బజార్. లక్క గాజుల బేరం ఎంతసేపైనా సాగుతుంది కాబట్టి ముప్పావుగంట గడువు పెట్టి, ఎక్కడ కలవాలో ముందే చెప్పుకోండి. అయిదున్నరకు ఇరానీ చాయ్, తలా రెండు ఉస్మానియా బిస్కెట్లు, అంతే. పక్క ట్రేలో ఖీమా కూరిన వేడి లుఖ్మీ ఊరిస్తుంది, అటు చూడకండి.

హోటల్ వెతుకులాట ఏడింటికే మొదలెట్టాలి. ఎనిమిదిన్నర దాటితే ఆకలి మీద కనబడ్డ మొదటి బోర్డు కిందికే దూరతారు. మెయిన్ రోడ్డు వదిలి లోపలి గల్లీల్లోకి వెళ్లి, బోర్డుకంటే పార్శిల్ కౌంటర్ చూడండి. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు స్టీలు గిన్నెలు తెచ్చి మరగ్, అంటే పల్చటి మటన్ సూప్, పోయించుకుంటున్నారా? భట్టీలోంచి నాన్ తీసినవి తీసినట్టే అమ్ముడవుతున్నాయా? అలాంటి చోట ధైర్యంగా కూర్చోవచ్చు. చైనీస్ నుంచి పిజ్జా దాకా అన్నీ ఉన్న పది పేజీల మెనూ ఇస్తే లేచి రండి.

బిర్యానీ వండిన పెద్ద గిన్నె, డేగిసా, కనబడితే వడ్డించే చేతిని గమనించండి. తెలిసినవాడు పళ్లేన్ని అంచు పక్క నుంచి నిలువుగా అడుగుదాకా దించి తీస్తాడు, అందుకే తెల్ల అన్నం, పసుపుపచ్చ అన్నం, మసాలా, ముక్క అన్నీ ప్లేటులోకి వస్తాయి. పైపైన గీకితే మీకు దక్కేది ఉత్త అన్నమే.

సర్వర్‌ను "ఏం బాగుంటుంది భాయ్?" అంటే అన్నీ బాగుంటాయంటాడు. "ఏది తొందరగా అయిపోతుంది?" అనడగండి, అసలు సంగతి తెలుస్తుంది.

ఆర్డర్ రెండు విడతలుగా ఇవ్వండి. ముందు మూడు మరగ్‌లు వన్ బై టూ, ఆరు నాన్‌లు, ఒక తలావా గోష్త్ (మటన్ వేపుడు). మరగ్ రాగానే తాగాలి, ఫొటోల కోసం ఆగితే పైన కొవ్వు తెట్టు కట్టి నాలుక్కి అంటుకుంటుంది. తర్వాతే బిర్యానీ. సింగిల్ ఒకరికి నిండుగా, ఇద్దరికి సర్దుకునేంత వస్తుంది కాబట్టి ఆరుగురికి మూడు తెప్పించి, చాలకపోతే మరొకటి చెప్పండి. పథ్థర్ కా గోష్త్ ఉంటే కూర్చోగానే చెప్పేయాలి, రాతిపలక మీద కాలడానికి టైము పడుతుంది.

చివర ఖుబానీ కా మీఠా ఆరుగురికి రెండు కప్పులు చాలు, బాగా తీపి. మలై వేయించుకోండి, ఐస్‌క్రీమ్ వేస్తే ఎండు ఆప్రికాట్ పులుపు అణిగిపోతుంది. బిల్లు ఒకరే కట్టి, మెట్రో ఎక్కాక పంచుకోండి. కౌంటర్ దగ్గర ఆరు ఫోన్లు తీస్తే వెనక క్యూవాళ్లు ఊరుకోరు.